థిక్‌నెస్ ప్లేనర్‌పై కోత లోతు: కొలత, లెక్క, భద్రత

9.0 లక్ష్యం

ఈ యూనిట్ చదివిన తరువాత మీ ముందున్న ఒక చెక్కను చూసి, కొలిచి, దాన్ని థిక్‌నెస్ ప్లేనర్‌లోకి పంపేటప్పుడు ఒక్కో విడతకు ఎంత లోతు తీయవచ్చో మీరు సొంతంగా నిర్ణయించగలగాలి. అంత లోతే ఎందుకు, ఎక్కువ తీస్తే ఏమవుతుంది, మరీ తక్కువ తీసినా ఎందుకు ఇబ్బంది అనే ప్రశ్నలకు కారణంతో సహా జవాబు చెప్పగలగాలి. యంత్రం దగ్గర నిలబడని వారికి ఈ పాఠం సగమే అర్థమవుతుంది. కాబట్టి కాంటాక్టు తరగతులకు వచ్చే ముందు ఒకసారి, వెళ్ళిన తరువాత ఒకసారి చదవండి.

9.1 ఉపోద్ఘాతం

మెదక్ పట్టణంలో రాందాస్ చౌరస్తా నుంచి ఏ దిక్కుకు నడిచినా కొంతసేపటికి ఎక్కడో ఒకచోట రందా మిషను మోత చెవిన పడుతుంది. పుస్తకాల్లో చిత్రిక అని రాసే పనిముట్టును ఇక్కడ అందరూ రందా అనే అంటారు. చేతి రందాతో ఒక దర్వాజ చౌకట్టుకు నాలుగు వైపులా నునుపు తేవడానికి ఒక మనిషికి ఎంతో సమయం పట్టేది. అదే పనిని యంత్రం నిమిషాల్లో చేస్తుంది. సౌకర్యం అంతా ఆ వేగంలోనే ఉంది, ప్రమాదం కూడా అందులోనే ఉంది.

వడ్రంగి యంత్రాలలో రంపపు మిషనును చూసి అందరూ భయపడతారు. పళ్ళు బయటికి కనిపిస్తాయి కదా. థిక్‌నెస్ ప్లేనర్ అలా కాదు. బ్లేడ్లు మూత కింద దాగి ఉంటాయి, చెక్కను రోలర్లే లాక్కుంటాయి, మనిషి చేయి లోపలికి పోవలసిన పని లేదు. అందుకే దీన్ని 'అమాయకపు మిషను' అనుకుని దగ్గరికి పోయేవారు ఎక్కువ. నా అనుభవంలో దీని దగ్గర జరిగే ప్రమాదాలలో చాలా వాటికి మూలం బ్లేడు కాదు, చేతి చక్రం. అంటే కోత లోతును నిర్ణయించే చక్రం. అందుకే ఈ యూనిట్ మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయించాను.

9.2 యంత్రం లోపల ఏం జరుగుతుంది

మనం ఇంతకు ముందు చూసిన సర్ఫేస్ ప్లేనర్‌కూ దీనికీ ఉన్న తేడాను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సర్ఫేస్ ప్లేనర్‌లో బ్లేడ్లు చెక్క కింద ఉంటాయి. చెక్కను మనం చేత్తో తోస్తాం. అది ఒక ముఖాన్ని చదును చేస్తుంది. థిక్‌నెస్ ప్లేనర్‌లో బ్లేడ్లు చెక్క పైన ఉంటాయి. కింద బల్ల, పైన కట్టర్ బ్లాకు, ఈ రెండింటి మధ్య ఖాళీయే చెక్క చివరి మందం. ఇది కింది ముఖానికి సమాంతరంగా పై ముఖాన్ని కోస్తుంది, అంతే. కింది ముఖం వంకరగా ఉంటే పై ముఖమూ అదే వంకరతో తయారవుతుంది. వంగిన చెక్కను రోలర్లు తాత్కాలికంగా అదిమి చదునుగా చూపిస్తాయి, బయటికి రాగానే అది మళ్ళీ తన వంపు తాను తీసుకుంటుంది. కాబట్టి మొదట ఒక ముఖాన్ని సర్ఫేస్ ప్లేనర్ మీదో, చేతి రందాతోనో చదును చేసి, ఆ ముఖాన్ని బల్లకు ఆనించి పంపాలి.

లోపలికి పోయే దారిలో మొదట కిక్‌బ్యాక్ వేళ్ళు వేలాడుతూ కనిపిస్తాయి. ఇవి చెక్కను ముందుకు పోనిస్తాయి, వెనక్కి రాబోతే మొనలు దించి పట్టుకుంటాయి. తరువాత పళ్ళున్న ఉక్కు రోలరు, దాని వెనక పొట్టును విరిచే ఇనుప పట్టీ, ఆ తరువాత కట్టర్ బ్లాకు, చివరగా చెక్కను బయటికి లాగే నున్నని రోలరు. చిన్న యంత్రాలలో రెండు రోలర్లకూ రబ్బరు తొడుగు ఉంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. బ్లేడు చెక్కను తాకే చోట అది కదిలే దిశ, చెక్క నడిచే దిశకు ఎదురుగా ఉంటుంది. రోలరు చెక్కను ముందుకు లాగుతుంటే బ్లేడు దాన్ని వెనక్కి, అంటే మీ వైపుకు నెడుతుంది. మామూలుగా రోలరు పట్టే గెలుస్తుంది. కోత లోతు పెరిగేకొద్దీ బ్లేడు నెట్టే బలం పెరుగుతుంది, రోలరు పట్టు మాత్రం స్ప్రింగు ఎంత అదిమితే అంతే ఉంటుంది. ఏదో ఒక లోతు దగ్గర బ్లేడు గెలుస్తుంది. అప్పుడు చెక్క వెనక్కి వస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటాం. వేళ్ళ మొనలు అరిగిపోయి ఉన్నా, జిగురూ పొట్టూ పట్టి బిగుసుకుపోయి ఉన్నా ఆ చెక్కను ఆపేది ఏదీ ఉండదు. పని మొదలుపెట్టే ముందు, కరెంటు తీసేసి, ఒక్కో వేలిని పైకెత్తి వదలండి. తన బరువుతో తానే కిందికి పడాలి.

9.3 లోతు నాలుగింతలయితే ఏమవుతుంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. కట్టర్ బ్లాకు వ్యాసం 100 మిల్లీమీటర్లు, దానిపై 3 బ్లేడ్లు, వేగం నిమిషానికి 5000 చుట్లు అనుకోండి. అంటే నిమిషానికి 15,000 కోతలు. రోలర్లు చెక్కను నిమిషానికి 8 మీటర్లు, అంటే 8000 మిల్లీమీటర్లు లాగుతున్నాయి. 8000ను 15,000తో భాగిస్తే ఒక్కో బ్లేడు వాటాకు వచ్చే నిడివి 0.53 మిల్లీమీటరు.

ఇప్పుడు 200 మిల్లీమీటర్ల వెడల్పున్న చెక్కపై 1 మిల్లీమీటరు లోతు తీస్తున్నామనుకుందాం. నిమిషానికి తొలగే కలప 200 × 1 × 8000, అంటే 16 లక్షల ఘన మిల్లీమీటర్లు. లీటర్లలో చెప్పాలంటే 1.6 లీటర్ల గట్టి కలప. పొట్టుగా మారాక అది పొంగి ఇంకా అనేక రెట్లు చోటు ఆక్రమిస్తుంది. లోతును 4 మిల్లీమీటర్లకు పెంచితే ఇదే లెక్క 6.4 లీటర్లు అవుతుంది. మోటారు మీద భారం సుమారుగా ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది.

భారం ఒక్కటే కాదు. బ్లేడు గుండ్రని దారిలో తిరుగుతుంది కనుక, అది చెక్కలో ప్రయాణించే దూరం లోతును బట్టి మారుతుంది. వ్యాసాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీస్తే ఆ దూరం దాదాపుగా వస్తుంది. 1 మిల్లీమీటరు లోతుకు అది 10 మిల్లీమీటర్లు, 4 మిల్లీమీటర్ల లోతుకు 20. బ్లేడు చెక్కను విడిచి బయటపడే చోట పొట్టు అన్నిటికన్నా మందంగా ఉంటుంది. మన ఉదాహరణలో ఆ మందం మొదటి సందర్భంలో సుమారు 0.11 మిల్లీమీటరు, రెండో సందర్భంలో 0.21. అంటే ప్రతి బ్లేడూ రెట్టింపు దూరం, రెట్టింపు మందం పొట్టును లేవదీస్తోంది. మందమైన పొట్టు కోసుకుని రాదు, చీల్చుకుని వస్తుంది. బ్లేడు కన్నా ముందే చెక్క చీలుతుంది. పైన గుంటలు పడతాయి, ముడి ఉన్నచోట ముడి ఊడి ఎగురుతుంది.

విద్యార్థులు ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారు: 'సార్, మిషను మీద గరిష్ఠ లోతు 3 మిల్లీమీటర్లని రాసి ఉంది కదా?' నిజమే. ఆ అంకె యంత్రం తయారుచేసినవారు అనుకూల పరిస్థితుల్లో చెప్పినది. ఇరుకైన మెత్తని చెక్క, కొత్తగా పదును పెట్టిన బ్లేడు, పూర్తి వోల్టేజి. పూర్తి వెడల్పున్న గట్టి చెక్కకు అది వర్తించదు. పలక మీది అంకెను దాటకూడని హద్దుగా చూడండి, చేరవలసిన గమ్యంగా కాదు.

వోల్టేజి సంగతి మన జిల్లాలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. వోల్టేజి 10 శాతం పడిపోతే బలం 19 శాతం పడిపోతుంది. బోర్లన్నీ ఒకేసారి నడిచే వేళ, లైన్ల చివర ఉన్న షాపుల్లో ఇది మామూలు విషయమే. పొద్దున 1.5 మిల్లీమీటర్లు సులువుగా తీసిన యంత్రం మధ్యాహ్నం అదే చెక్కకు మూలుగుతుంది. ఫీడుకు వేరే మోటారు ఉన్న యంత్రాల్లో ఇంకో చిక్కు ఉంది. కట్టర్ బెల్టు జారి బ్లాకు నెమ్మదించినా రోలర్లు మాత్రం చెక్కను అదే వేగంతో లోపలికి తోస్తూనే ఉంటాయి. ఒక్కో బ్లేడుకు పడే వాటా పెరుగుతుంది. చెవి పెట్టి వినడం నేర్చుకోండి. మోత గొంతు దిగుతోందంటే లోతు ఎక్కువైందని అర్థం.

9.4 ఎక్కడ కొలవాలి

లోతు ఎంత అన్న ప్రశ్న కన్నా ముందు రావలసిన ప్రశ్న ఇది. నేను ఇది పుస్తకంలో నేర్చుకోలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అప్పటికి నాకు పట్టుమని ముప్పై ఏళ్ళు లేవు, ఒక వర్క్‌షాపులో విద్యార్థులకు ఈ యంత్రాన్ని చూపిస్తున్నాను. టేకు పలక. కోత మిల్లు నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. దాని కొసను కాలిపర్‌తో కొలిచాను. 31 మిల్లీమీటర్లు. పిల్లలకు లెక్క చెప్పి, 1 మిల్లీమీటరు తీద్దామని బల్లను 30 దగ్గర పెట్టాను. చక్రం తిప్పింది నేనే. పలకను అందించింది మా అటెండరు, నా తండ్రి వయసు మనిషి, నేను ఆయన్ను పెద్దాయన అని పిలిచేవాణ్ణి. మొదటి మూర వరకు సాఫీగా పోయింది. నడుమ భాగం రాగానే మోత మారింది, యంత్రం బిగుసుకుంది, బెల్టు కాలిన వాసన. ఏమయిందో చూద్దామని ఆయన వంగబోయాడు. ఆ క్షణంలోనే పలక వెనక్కి వచ్చింది. కొంచెం పక్కకు ఉన్నాడు కాబట్టి డొక్కలో తగిలింది, పొట్టలో తగలలేదు. రెండు పక్కటెముకలు విరిగాయి. తరువాత ఆ పలకను నడిమధ్య కొలిచి చూస్తే 34 మిల్లీమీటర్లు ఉంది. నేను 1 మిల్లీమీటరు అనుకున్న కోత అక్కడ 4 మిల్లీమీటర్లు అయింది.

ఆస్పత్రిలో ఆయన నాతో అన్న మాట, 'ఏం కాలే సార్, నడుమ గూడ కొలవాలె గద.' ఆయనకు ఆ సంగతి ముందే తెలుసు. డాక్టరేటుకు సిద్ధమవుతున్న సారుకు పిల్లల ముందు చెప్పడం బాగుండదని ఊరుకున్నాడు. మీరు రేపు ఎక్కడ పనిచేసినా, మీకన్నా తక్కువ చదివిన పనివాడు యంత్రం ముందు నోరు తెరిచి 'ఆగండి' అనగలిగేలా ఉండండి.

కోత మిల్లులో దుంగ కోసేటప్పుడు బ్లేడు అటూ ఇటూ పోతుంది. పలక మందం ఒక కొస నుంచి ఇంకో కొసకు 2, 3 మిల్లీమీటర్లు మారడం సహజం. పచ్చిగా కోసిన పలక ఎండేటప్పుడు అడ్డంగా దొప్పలా వంగుతుంది. కాబట్టి రెండు కొసలు, నడుమ, ముడి ఉన్నచోట, రెండు అంచుల వెంట కొలవండి. వాటిలో అన్నిటికన్నా పెద్ద అంకెను సుద్దతో ఆ చోటనే రాయండి. యంత్రాన్ని ఆ అంకెకు పెట్టాలి. అంతకన్నా తక్కువకు కాదు. మొదటి విడతలో చెక్క ఏమీ తగలకుండా, లేదా ఎత్తుగా ఉన్నచోట మాత్రమే రాచుకుంటూ బయటికి రావాలి. రోలరు అసలు పట్టకపోతే చక్రాన్ని కొద్దిగా తిప్పి మళ్ళీ పంపండి. ఒక విడత వృథా అయిందని యజమాని అనుకోవచ్చు. ఆ ఒక్క విడతకు పట్టే సమయం అర నిమిషం.

9.5 మీ చక్రం ఎంత కదిలిస్తుంది

ఒక యంత్రంలో చక్రం పూర్తి చుట్టుకు బల్ల 2 మిల్లీమీటర్లు లేస్తుంది, ఇంకోదాంట్లో 4. అంటే ఒక షాపులో అలవాటైన 'అర చుట్టు' ఇంకో షాపులో రెట్టింపు లోతు కావచ్చు. కొత్త చోట పనికి చేరిన రోజే ఈ కింది పరీక్ష చేయండి. యంత్రం ఆపి ఉండగా బల్ల మీద ఒక చదునైన చెక్కముక్క పెట్టి, చక్రాన్ని సరిగ్గా 5 చుట్లు తిప్పక ముందూ, తిప్పిన తరువాతా స్కేలు మీది కొలతలు రాసుకోండి. తేడాను 5తో భాగించండి. వచ్చిన అంకెను రంగుతో చక్రం పక్కనే రాయండి. స్కేలును కూడా గుడ్డిగా నమ్మకండి. ఒక ముక్కను కోసి కాలిపర్‌తో కొలిచి, స్కేలు చూపేదానికి ఎంత తేడా ఉందో చూడండి. బ్లేడ్లు మార్చిన ప్రతిసారీ ఈ తేడా మారుతుంది.

స్క్రూకు కొద్దిగా ఆట ఉంటుంది. చక్రం తిరుగుతుంది, బల్ల కదలదు. అందుకని చివరి సవరింపు ఎప్పుడూ కోత పెరిగే దిశలోనే జరగాలి. బల్ల లేచే యంత్రంలో కావలసిన దానికన్నా కిందికి దించి, మళ్ళీ ఎత్తుతూ ఆ గుర్తు దగ్గర ఆపండి. కట్టర్ తల దిగే చిన్న యంత్రాల్లో పైకెత్తి, దించుతూ ఆపండి. తరువాత తాళం మర బిగించండి. ఆ మర బిగించకపోతే అదురుకు బల్ల తనంత తానే జరుగుతుంది.

మన వడ్రంగులు మిల్లీమీటర్లలో ఆలోచించరు. అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు, కొందరు సూత్ అంటారు. ఒక నూలు 3.2 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. 'ఒక నూలు తీసెయ్' అనే మాట షాపుల్లో రోజూ వినిపిస్తుంది. మొత్తం మీద ఒక నూలు తీయమనా, ఒకే విడతలో తీయమనా? మాట ఒకటే, అర్థాలు రెండు. పనిలో కొత్తగా చేరిన కుర్రాడు రెండో అర్థం తీసుకుంటాడు. చెప్పేవారు ఎన్ని విడతలో కూడా చెప్పాలి.

9.6 ఎంత తీయాలి

12, 13 అంగుళాల చిన్న యంత్రం మీద, ఎండిన టేకుకు, నేను తరగతిలో చెప్పే లెక్క ఇది: వెడల్పును లోతుతో గుణిస్తే 160 చదరపు మిల్లీమీటర్లు దాటకూడదు. 100 మిల్లీమీటర్ల వెడల్పుకు 1.6, అంటే సగం నూలు. 200కు 0.8. 300కు అర మిల్లీమీటరు. ఇది శాస్త్ర నియమం కాదు, చేతి లెక్క. పెద్ద మోటారున్న 18 అంగుళాల యంత్రానికి ఈ హద్దు ఎక్కువ ఉంటుంది. అక్కడ కూడా ఇదే పద్ధతిలో, తక్కువతో మొదలుపెట్టి మోత వింటూ మీ యంత్రానికి తగిన అంకెను కనుక్కోవాలి. వెడల్పు పెరిగితే లోతు తగ్గాలి అన్న సంబంధం మాత్రం ఏ యంత్రానికైనా ఒకటే.

కలపను బట్టి మార్పు ఉంటుంది. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థ మన దేశపు కలపల గుణాలను టేకుతో పోల్చి చెబుతుంది. టేకును 100గా తీసుకుని మిగతావాటికి అంకెలు ఇస్తుంది. మనం కూడా టేకును కొలబద్దగా పెట్టుకోవడం సులభం. నల్ల తుమ్మ, నల్లమద్ది వంటి గట్టి చెక్కలకు పై లెక్కలో మూడో వంతు తగ్గించండి. నల్లమద్దిలో చారలు ఒక పొర ఒకవైపు, ఇంకో పొర ఇంకోవైపు పెనవేసుకుని ఉంటాయి. ఏ వైపు నుంచి పంపినా కొంత భాగం ఎదురు చారే అవుతుంది. దానికి పలుచని కోత, పదునైన బ్లేడు తప్ప వేరే మార్గం లేదు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి లాంటి మెత్తని కలప ఇంకో కొస. అది యంత్రం కిందికి వచ్చేదే తక్కువ, వస్తే రోలరు పళ్ళ గుర్తులు లోతుగా పడతాయి. టేకు కోయడానికి సులువే కాని, అందులోని సిలికా బ్లేడు పదునును త్వరగా తినేస్తుంది. పొద్దున పదునుగా ఉన్న బ్లేడుకు పెట్టిన లోతే సాయంత్రం మొద్దుబారిన బ్లేడుకు పెట్టకూడదు.

చార దిశను చెక్క పక్క అంచు మీద చూడాలి. ముందుగా లోపలికి పోయే కొస నుంచి వెనక కొస వైపుకు చారలు పైకి లేస్తున్నట్టు ఉంటే అది సరైన వైపు. ఎదురుగా ఉంటే చెక్కను తిప్పి పంపండి. ముడి చుట్టూ చార రెండు వైపులా తిరుగుతుంది కనుక ముడి ఉన్న పలకకు లోతును సగం చేయండి.

మరీ పలుచని కోత ఎప్పుడూ క్షేమమే అనుకోవద్దు. ఉక్కు రోలరు పళ్ళు చెక్క మీద గుర్తులు వేస్తాయి. అర మిల్లీమీటరు కన్నా తక్కువ తీస్తే ఆ గుర్తులు పోకుండా మిగిలిపోవచ్చు. పైగా బ్లేడు కోయకుండా రుద్దుకుంటూ పోతుంది, వేడెక్కి మొద్దుబారుతుంది. చివరి విడతకు అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంచుకోవడం మంచిది.

అభ్యాసం. తలుపు బిళ్ళ కోసం 200 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పలక తెచ్చారు. ఒక ముఖం చదును చేశాక దాని మందం కొసల్లో 29, నడుమ 31 మిల్లీమీటర్లు. చివరికి 25 కావాలి. యంత్రం చక్రం చుట్టుకు 4 మిల్లీమీటర్లు లేస్తుంది. ఎలా మొదలుపెడతారు?

మొదట 31 దగ్గర పెట్టి ఒకసారి పంపాలి. తీయవలసింది 6 మిల్లీమీటర్లు. విడతకు 0.8 మించకూడదు, అంటే చక్రంలో అయిదో వంతు చుట్టు. ఏడు విడతల్లో 5.6 మిల్లీమీటర్లు పోతుంది, మిగిలిన 0.4 చివరి విడతకు. అది మరీ పలుచన అనిపిస్తే చివరి రెండు విడతల్లో మిగిలిన 1.2ను చెరి 0.6గా పంచుకోవచ్చు. మొత్తం ఎనిమిది. మరొక సంగతి: ఆ 6 మిల్లీమీటర్లూ ఒకే ముఖం నుంచి తీయకండి. పై ముఖం పూర్తిగా చదునయ్యాక పలకను తిరగేస్తూ రెండు వైపులా సుమారు సమానంగా తీస్తే లోపలి తేమ రెండు వైపుల నుంచీ ఒకేలా పోతుంది, పలక మళ్ళీ వంగదు. మూడు విడతల్లో ముగించవచ్చు కదా అని మీరు అనుకుంటే, ఒక్కో విడతకు 2 మిల్లీమీటర్లు. 200 వెడల్పుకు అది 400 చదరపు మిల్లీమీటర్లు, మన హద్దుకు రెండున్నర రెట్లు.

9.7 లోతు సరిగా ఉన్నా వచ్చే ప్రమాదాలు

పొట్టి ముక్కలు. రెండు రోలర్ల మధ్య దూరం కన్నా పొట్టిగా ఉన్న ముక్కను మొదటి రోలరు వదిలేశాక రెండోది ఇంకా పట్టుకోదు. బ్లేడు కింద అది ఏ ఆధారమూ లేకుండా ఉంటుంది. యంత్రం పుస్తకంలో కనీస పొడవు చెబుతారు. పుస్తకం దొరకకపోతే రోలర్ల మధ్య దూరం కొలిచి దానికి ఇంకో 50 మిల్లీమీటర్లు కలపండి, ఎలాగూ 300 మిల్లీమీటర్లకు తక్కువ ముక్కను పంపవద్దు. పొట్టి ముక్కలు కావాలంటే పొడుగు చెక్కను రందా పట్టించి, తరువాత కోసుకోవాలి.

రెండు చెక్కలు పక్కపక్కన. రోలరు ఒకే కడ్డీగా ఉన్న యంత్రంలో మందమైన చెక్క రోలరును పైకెత్తేస్తుంది, పక్కనున్న పలుచని చెక్కను పట్టేది ఉండదు. బ్లేడు మాత్రం దాన్ని తాకుతుంది. ఒకేసారి పంపాలనుకుంటే రెండూ ఒకే మందం అయి ఉండాలి. ఒక్కోటి పంపడమే నా సలహా.

పాత ఇళ్ళు కూల్చిన కలప. మెదక్ చుట్టుపక్కల ఊళ్ళలో పాత దూలాలు, దర్వాజలు మంచి చేవ టేకు. కొనడం తెలివైన పనే. కాని వాటిలో పైకి కనిపించకుండా విరిగిన మేకులు ఉంటాయి. కొత్త మేకు కన్నా తల ఊడిన పాత మేకు ప్రమాదం. బలమైన అయస్కాంతాన్ని దారానికి కట్టి పలక పొడవునా నడిపించండి, లాగినచోట ఉలితో తవ్వి చూడండి.

ఎక్కడ నిలబడాలి? చెక్క వెనక కాదు, పక్కన. కాంటాక్టు తరగతిలో నేల మీద గీత గీసి చూపిస్తాం. లోపల ఏం జరుగుతోందో చూడాలని వంగకూడదు. లుంగీ కొస, మెడలో తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా గుండీలు, చేతి తొడుగులు రోలరుకు చిక్కే వస్తువులు. కళ్ళకు అద్దాలు, చెవులకు మూతలు ఉండాలి. ఈ మోత దగ్గర ఏళ్ళ తరబడి నిలబడినవారికి వినికిడి తగ్గడం ఏదో ఒక రోజు హఠాత్తుగా జరగదు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

చెక్క లోపల బిగుసుకుపోతే చేయవలసినది ఒకటే వరుస. స్విచ్చి ఆపాలి. మెయిన్ తీయాలి. కట్టర్ బ్లాకు పూర్తిగా ఆగేదాకా నిలబడాలి. స్విచ్చి ఆపాక కూడా అది చాలాసేపు తిరుగుతుంది, మోత తగ్గింది కదా అని చేయి పెట్టినవారున్నారు. ఆగిన తరువాతే బల్లను దించి చెక్కను తీయాలి. బ్లాకు తిరుగుతుండగా బల్లను దించితే రోలరు పట్టు వదులవుతుంది, బ్లేడు మాత్రం ఇంకా తాకుతూనే ఉంటుంది. ఆ చెక్క ఎటు వస్తుందో మీకు ఇప్పుడు తెలుసు.

9.8 చట్టం, షాపు

ఈ యంత్రాల చరిత్రలో భద్రత ఎప్పుడూ వేగం వెనకే వచ్చింది. ఇంగ్లండులో శామ్యూల్ బెంథామ్ 1790ల నాటికే వడ్రంగి యంత్రాలకు పేటెంట్లు పొందాడు. అమెరికాలో విలియం వుడ్‌వర్త్ ప్లేనింగ్ యంత్రానికి 1828లో పేటెంటు వచ్చింది. చదరపు కట్టర్ బ్లాకులు చాలా కాలం రాజ్యమేలాయి. చదరపు బ్లాకు తిరిగేటప్పుడు బ్లేడుకూ బల్లకూ మధ్య పెద్ద సందు తెరుచుకుంటుంది, వేలు జారితే లోపలికి పోతుంది. గుండ్రని బ్లాకులో ఆ సందు లేదు, బ్లేడు అంచు మాత్రం మిల్లీమీటరు ప్రాంతం పైకి ఉంటుంది. బ్రిటన్‌లో చేత్తో తోసే ప్లేనర్లకు గుండ్రని బ్లాకును 1922 నిబంధనలు తప్పనిసరి చేశాయి. ఈనాటికీ పాత ఇనుప సామాను అంగళ్ళలో చదరపు బ్లాకు యంత్రం కనిపిస్తే, చవక అని కొనకండి.

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కదిలే యంత్ర భాగాలకు కంచె ఉండాలని 21వ సెక్షన్‌లో, శిక్షణ లేని యువకులను ప్రమాదకర యంత్రాల మీద పెట్టరాదని 23వ సెక్షన్‌లో చెప్పింది. కాని ఆ చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే స్థలాలకే వర్తించేలా రాశారు. మెదక్‌లో రందా మిషను షాపు అంటే యజమాని, ఒక మేస్త్రీ, ఒక కుర్రాడు. ఆ ముగ్గురి దగ్గరికి ఇన్‌స్పెక్టరు వచ్చే అవకాశం దాదాపు లేదు. 14 నుంచి 18 ఏళ్ళ వారిని ప్రమాదకర పనుల్లో పెట్టుకోకూడదని 2016 సవరణతో బాల కార్మిక చట్టం చెబుతోంది. వేసవి సెలవుల్లో షాపులకు వెళ్ళి చూడండి.

మీలో చాలామంది ఇప్పటికే ఏదో ఒక షాపులో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతున్నారు. యజమానితో వాదన పెట్టుకోమని చెప్పను. చక్రం పక్కన చుట్టుకు ఎన్ని మిల్లీమీటర్లో రంగుతో రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. దాని కింద ఇంకో వరుస కూడా రాయవచ్చు: 100 వెడల్పుకు సగం నూలు, 200కు పావు నూలు. పావు నూలంటే 0.8 మిల్లీమీటరు. కాంటాక్టు తరగతికి వచ్చేటప్పుడు మీ యంత్రం చక్రం లెక్క, రోలర్ల మధ్య దూరం, కిక్‌బ్యాక్ వేళ్ళలో ఎన్ని తమంత తాము కిందికి పడుతున్నాయో రాసుకుని తీసుకురండి. ఆ కాగితం మీ అసైన్‌మెంట్‌లో మొదటి పేజీ.